గండిరాక్షసుడి మీద దండయాత్ర

ఒక పెద్ద అడవిలో కొత్త పనులు మొదలుపెట్టడంలో అందరూ దిట్టలే. పూర్తి చేయడం మాత్రం మర్యాద కాదనుకునేవారు. నెమలిగారి సంగీతం సరళీ స్వరాల దగ్గర ఆగింది. ఎలుగుబంటిగారు ప్రతి సోమవారం ఉదయం తేనె మానేసి, సాయంత్రానికి మళ్లీ పట్టేవారు. ముళ్లపందిగారు ఆత్మకథ రాస్తున్నారు గానీ, అందులో ఆయన ఇంకా పుట్టనే లేదు.

ఎండాకాలం నీళ్ల కోసం వాగుకు అడ్డంగా వేసిన మట్టికట్టలో ఒక గండి కూడా అలాగే మిగిలిపోయింది. ఆ గండికి సరిగ్గా దిగువన సుందరమ్మ అనే కుందేలు బొరియ ఉంది. లోపల పాలు తాగే పిల్లలున్నారు. మృగశిర కార్తె దగ్గరపడుతుంటే, వానొస్తే బొరియ మునిగిపోతుందని ఆమెకు భయం పట్టుకుంది. అడవి సభకు వెళ్లి మొర పెట్టుకుంది.

"మనకు బద్ధకం లేదు. ఉత్సాహం లేదంతే," అన్నాడు సభ కార్యదర్శి నక్క. పక్క అడవిలో శిక్షణ పొంది వచ్చినవాడు కాబట్టి అతనికి అన్నీ తెలుసని అందరి నమ్మకం. "పనిని పని అంటే ఎవరు చేస్తారు? ఆట అనండి. ఆగిపోయిన ప్రతి పనీ ఒక రాక్షసుడు. మనమంతా వీరులం. ఆటకు మెట్లుంటాయి, దాటిన మెట్టుకో నెమలి ఈక బహుమతి. ఆఖరి మెట్టులో రాక్షససంహారం!"

సింహంగారు చప్పట్లు కొట్టారు. ఏలినవారు కొట్టాక మిగతావాళ్లు కొట్టకపోతే బాగుండదు.

మొదటి మెట్టు వీరనామం పెట్టుకోవడం. 'ప్రచండ' అనే మాట అందరికీ కావాల్సిరావడంతో దానికే చాలా రోజులు పట్టింది. ఆ తర్వాత ప్రతిజ్ఞ. ఆపైన జైత్రయాత్ర పాట. శత్రువును దగ్గర్నుంచి పరిశీలించే మెట్టులో ఎలుగుబంటిగారు తేనెపట్టు ముందు కూర్చుని బోలెడు ఈకలు సంపాదించి, పొట్ట నిమురుకుంటూ తిరిగారు. గండి పూడ్చడం ఆఖరి మెట్టు. ఎవరైనా దాని దరిదాపుల్లోకి వస్తే చాలు, నక్క మధ్యలో ఇంకో మెట్టు వేసేవాడు. ఆట అయిపోతే కార్యదర్శికి పనేముంటుంది మరి!

సుందరమ్మ ఓపిక పట్టలేకపోయింది. ముందుకాళ్లతో మట్టి తోసి తానే గండి పూడ్చడం మొదలుపెట్టింది. నక్క పరుగున వచ్చాడు.

"ఏమ్మా, ఏ మెట్టు మీదున్నావు?"

"మెట్లూ లేవు, గిట్లూ లేవు. కింద నా పిల్లలున్నారు."

"వీరనామమైనా పెట్టుకోకుండా ఆఖరి రాక్షసుడి మీద చెయ్యి వేస్తావా? మిగతావాళ్లు ఎంత కష్టపడి పాట నేర్చుకున్నారు! ఇది మోసం కదమ్మా."

సభ కూడా మోసమేనని తేల్చింది. పోసిన మట్టిని ఆమె చేతే తీయించారు. తీస్తూ తీస్తూ సుందరమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. కరుణరసం బాగా పలికిందని నెమలిగారు మెచ్చుకున్నారు.

ఏనుగు భద్రయ్య ఒక్క పూట నడుం వంచితే ఆ గండి పూడిపోయేది. ఆమె అతని దగ్గరికి వెళ్లింది.

"భద్రన్నా, నీ కాళ్లు పట్టుకుంటాను. కాస్త మట్టి పొయ్యవా?"

"నాకు మాత్రం జాలి లేదా చెల్లీ! తొండం తిప్పే మెట్టులో ఉన్నాను. అదొక్కటి దాటితే నీ పనే."

భద్రయ్య తొండం ఇంకా తిప్పుతుండగానే వాన దంచికొట్టింది. వాగు పొంగి గండిలోంచి ఉరికింది. సుందరమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని బయటికి తెస్తుంటే నీళ్లు ఆమె మెడదాకా వచ్చాయి. గట్టు మీద వీరులంతా ఈకలు తడవకుండా ఎత్తిపట్టుకుని జైత్రయాత్ర పాట అందుకున్నారు.

భద్రయ్య నక్క వైపు చూశాడు. "కార్యదర్శిగారూ, వాళ్లను కాపాడడానికి మెట్టు ఉందా?"

"లేదు. పెట్టాలంటే ముందు సభ జరగాలి. ఆ సభకు..."

భద్రయ్యకు ఒళ్లు మండింది. మిగతాది వినకుండా నీళ్లలోకి దిగి తల్లినీ పిల్లల్నీ వీపు మీదికి ఎత్తుకున్నాడు. అతను ఒడ్డెక్కేసరికి వెనక కట్ట మొత్తం కొట్టుకుపోయింది.

మర్నాడు సభలో సింహంగారు గర్జించారు. "ఆ గండి సంగతి ఏమైంది?"

"గండి ఎక్కడుంది ప్రభూ?" అన్నాడు నక్క. "కట్టే లేనప్పుడు గండి ఎక్కడిది? రాక్షసుడు చచ్చాడు. మనం గెలిచాం!"

సభ దద్దరిల్లింది. వీరులందరికీ 'గండిసంహారి' బిరుదు దక్కింది. మెట్టు దాటకుండా నీళ్లలోకి దిగినందుకు భద్రయ్య ఈకలు మాత్రం పీకేశారు.

ఎండాకాలం వచ్చింది. అడవిలో చుక్క నీరు లేదు. దాహరాక్షసుడి మీద ప్రతిజ్ఞ చేద్దామని నక్క అంటే, ఏలినవారు పళ్లు కొరికి కుండ చేతికిచ్చారు. అప్పట్నుంచి కార్యదర్శిగారే రోజూ కొండ అవతలి చెరువు నుంచి నీళ్లు మోస్తున్నారు. ఒకసారి దానికి ఈక అడిగి చూశారు గానీ, సింహంగారి కోరలు చూసి ఊరుకున్నారు.

మిట్ట మీద సుందరమ్మ కొత్త బొరియ తవ్వుకుంటోంది. భద్రయ్య మట్టి ఎత్తిపోస్తున్నాడు. ఆ సంగతి ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆపేస్తారు.

నీతి: పని పూర్తిచేసే అలవాటున్నవాళ్లను ఆటలో చేర్చుకోకండి, ఆట పాడవుతుంది.