పదీ పది మంత్రిగారు

ఆ ఆదివారం మంత్రిగారింట్లో ఉన్నవారు: కాంటన్ అనే ఆ చిన్న రాష్ట్రానికి ఆర్థిక మంత్రి ఎమిల్ దుమార్ గారు, వారి భార్య క్లోతిల్డ్ గారు, జురా లోయ పత్రిక విలేఖరి మొరాన్, కోంబ్‌నువార్ గడియారాల కంపెనీలో నలభై ఏళ్ళు పనిచేసి రిటైరైన ఒర్తాన్స్ అమ్మమ్మ, ఆవిడ మనవరాలు ఒదీల్. అందరికన్నా ముఖ్యమైనది మాత్రం మంత్రిగారి మణికట్టు మీద ఉంది.

కంపెనీకి నూట పాతికేళ్ళు నిండాయని ప్రత్యేకంగా నూట పాతిక చేతి గడియారాలే చేశారు. ఒకటో నంబరు మంత్రిగారికి కానుకగా వచ్చింది.

"మంత్రులు కానుకలు వాడకూడదని నియమం," అని ఆయన ప్రకటించారు. "అందుకే కట్టుకున్నాను గానీ వాడటం లేదు. ఇంతవరకూ కీ ఇవ్వలేదు. త్యాగమంటే ఇదీ!"

అద్దం మీది ప్లాస్టిక్ పొర కూడా తీయలేదు. దుకాణంలో అలంకరించినట్టే పది గంటల పది నిమిషాల దగ్గర ముళ్ళు రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాయి. ఇంతటి త్యాగి సంతకం దొరకబోతోందని ఒదీల్ ఉప్పొంగిపోయింది. గడియారాల పని నేర్పే బడిలో ఈ ఏడు ఒక్కటే సీటు. దానికి మంత్రిగారి సిఫారసు కావాలి. అడగాల్సిన నోరు మాత్రం ఇంటి దగ్గరే మర్చిపోయి వచ్చింది.

మంత్రిగారు మణికట్టు చూసుకున్నారు. "పదీ పది! క్లోతిల్డ్, టిఫిను?"

"సాయంత్రం నాలుగైందండీ. ఇది మూడో టిఫిను."

"కంపెనీ గడియారం తప్పంటావా? నూట పాతికేళ్ళ పరువు!"

వెన్న రాసిన క్రొసాన్ రొట్టెలు వచ్చాయి.

"పొద్దుటి మీ ఉపన్యాసం ఎన్నింటికి మొదలైందండీ?" అన్నాడు మొరాన్.

"పదీ పదికి."

"ముగిసింది?"

"పదీ పదికి."

"ఇంత క్లుప్తంగా మాట్లాడిన మంత్రి మన కాంటన్‌లో లేరు," అంటూ మొరాన్ రాసుకున్నాడు.

అమ్మమ్మ మోచేత్తో పొడిచింది. "అడగవే మొద్దూ!"

ఒదీల్ ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని, "గడియారం బావుందండీ," అంది.

మంత్రిగారు మురిసిపోయి, విప్పి చేతిలో పెట్టారు. "ఊరికే చూడమ్మా."

ఆ లోయలో పుట్టినవాళ్ళకు ఒక జబ్బు ఉంది. ఆగిన గడియారం చేతికొస్తే వాళ్ళ వేళ్ళు ఎవరినీ అడగవు. ఒదీల్ నోటికి లేని చొరవంతా వేళ్ళకుంది. పక్కనున్న, కీ ఇచ్చే చిన్న మరను నాలుగు చుట్లు తిప్పేశాయి.

టిక్ టిక్ టిక్.

కాసేపటికి, "పదీ పదకొండు!" అని క్లోతిల్డ్ గారు సంబరపడ్డారు.

మంత్రిగారి మొహం పాలిపోయింది. "కానుక వాడేశారు!"

"గడియారమన్నాక నడవదా ఎమిల్ బాబూ? అదేమన్నా నీ శాఖా?" అంది అమ్మమ్మ.

మంత్రిగారు లోపలికెళ్ళి ఒక కాగితం రాసి తెచ్చారు. "బంగారు వేళ్ళు తల్లీ నీవి! ఇక్కడ సంతకం పెట్టు."

సిఫారసు ఉత్తరాన్ని చదివి చూడటం మర్యాద కాదనుకుంది ఒదీల్. తనకు చేతనైనంత గుండ్రంగా సంతకం చేసింది.

మొరాన్ పైకి చదివాడు: "ఒకటో నంబరు కానుకను వాడుకున్నది నేనే. ఒదీల్ కలామ్."

"ఒకరు వాడేశాక ఇది పాత గడియారం," అంటూ మంత్రిగారు ప్లాస్టిక్ పొర పీకేసి, గడియారం తిరిగి కట్టుకున్నారు. "పాత గడియారం కట్టుకోకూడదని ఏ నియమమూ లేదు. రాసుకో మొరాన్."

గుమ్మం దాటాక ఒదీల్‌కు నోరు వచ్చింది. "అయ్యా, నా బడి సిఫారసు..."

"మంత్రుల కానుకలు వాడుకునేవాళ్ళకు సిఫారసా? జనం నన్నేమనుకుంటారమ్మా?" అని మంత్రిగారు తలుపు వేసుకున్నారు.