ప్రెసిడెంటు గారి కుడిచెయ్యి

పంచాయతీ ఎన్నికల్లో గెలిచి ప్రమాణ స్వీకారం చేసిన రోజున ధనకుమారి కుడిచెయ్యి మోచేతి దగ్గర ఊడి వచ్చింది. ఆ మర్నాటి నుంచి చెయ్యి ప్రెసిడెంటుగా ఆఫీసుకు వెళ్ళేది, మిగిలిన ధనకుమారి ప్రెసిడెంటు గారి భార్యగా ఇంట్లో ఉండేది.

పెదకామనలంకలో సర్పంచిని ప్రెసిడెంటు అంటారు. ఆ దఫా పదవి మహిళలకు రిజర్వు కావడంతో వీరాంజనేయులు తన భార్యను నిలబెట్టాడు. చెయ్యి ఊడినప్పుడు అతను కాస్త కంగారుపడ్డాడు గానీ, పంచాయతీ కార్యదర్శి ఫణికుమార్ తొణకలేదు.

"మహిళా స్థానాల్లో ఇది మామూలేనండి. సంతకానికి కావలసింది ఇదొక్కటే కదా. తడిగుడ్డలో చుట్టి తీసుకురండి. ఎండిపోతే అక్షరాలు వంకర పోతాయి" అన్నాడు.

వీరాంజనేయులు రోజూ చేతిని టిఫిను సంచిలో పెట్టి, మోటారుసైకిలు హ్యాండిలుకు తగిలించుకుని వెళ్ళేవాడు. దారిలో జనం "నమస్కారం ప్రెసిడెంటు గారూ" అనేవారు. ఆ నమస్కారం తనకో సంచికో అని అతను ఎప్పుడూ ఆలోచించలేదు.

ధనకుమారికి మొదట్లో బాగానే ఉండేది. ప్రెసిడెంటు గారి భార్యకు పనులు తక్కువేమీ కాదు. బ్యూటీపార్లరు ప్రారంభానికి పిలిచారు. బడిలో ఆటల పోటీలకు బహుమతులు ఇమ్మన్నారు. ఎడమచేత్తో రిబ్బను కత్తిరించినా, ఎడమచేత్తోనే ప్రసాదం అందుకున్నా ఎవరూ కిమ్మనలేదు. కుడివైపు పైట నిండుగా కప్పుకోమని మాత్రం ఫొటోగ్రాఫరు చెప్పేవాడు.

సాయంత్రం చెయ్యి ఇంటికి వచ్చేది. మోచేతికి ఆనిస్తే అతుక్కునేది, పొద్దున్నే ఊడేది. రానురాను ఆమెకు దాని మీద అనుమానం మొదలైంది. ఒకరోజు వేళ్ళకు బిరియానీ వాసన. ఇంకో రోజు గోళ్ళలో నల్లటి చెరువు మట్టి. ఆ తర్వాత ఒక సాయంత్రం ఉంగరం వేలికి ఎర్రరాయి పొదిగిన కొత్త ఉంగరం.

"ఇదెక్కడిదండీ?"

"నన్నడుగుతావేంటి? నీ చెయ్యి. దాన్నే అడుగు" అన్నాడు వీరాంజనేయులు కాళ్ళు కడుక్కుంటూ.

ఆమె అడిగింది. చెయ్యి పిడికిలి బిగించుకుంది.

అనుమానం అతనికీ పట్టుకుంది. ఇంట్లో ఉన్నంతసేపు ఆమె చేతికి ఏదో నూరిపోస్తోందని అతని భయం. ఆఫీసు సామాను సొంత పనులకు వాడకూడదని ఫణికుమార్ చెప్పాడంటూ, వస్తూనే చేతిని బీరువాలో పెట్టి తాళం వెయ్యడం మొదలుపెట్టాడు. ధనకుమారి ఎడమచేత్తోనే కూరలు తరిగింది, జడ వేసుకోవడం మానేసింది.

అలా ఉండగా ఒక పొద్దున ఎస్తేరు వచ్చి వీధి మెట్ల దగ్గర నిలబడింది. ఆమెది చివరి పేట. ధనకుమారి కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో మంచినీళ్ళ చెరువులో ఇద్దరూ పక్కపక్క రేవుల్లో బిందెలు ముంచుకుంటూ కబుర్లు చెప్పుకునేవారు.

"చెరువు రొయ్యలకిచ్చేశారంటండి. గట్టు మీద కాలెట్టనివ్వట్లేదు. తమరే సంతకం ఎట్టారంట."

"నేను పెట్టలేదు ఎస్తేరూ."

"తమరి చెయ్యే కదండి?"

ధనకుమారి చెప్పులేసుకుని, ఆ రోజు జరుగుతున్న గ్రామసభకు బయల్దేరింది.

సభలో ప్రెసిడెంటు కుర్చీ ముందు బల్ల మీద, తువ్వాలు పరిచి, చేతిని పెట్టారు. పక్కన వీరాంజనేయులు కూర్చున్నాడు. ఆమెను చూడగానే ఫణికుమార్ లేచాడు.

"ప్రెసిడెంటు గారి భార్య వచ్చారు. ముందు వరసలో కుర్చీ వెయ్యండి."

"ప్రెసిడెంటుని నేనే. చెరువు లీజు రద్దు చేస్తున్నాను" అంది ధనకుమారి.

ఫణికుమార్ ఆమెను ఎగాదిగా చూశాడు. ఇలాంటి వేషాలు వేసేవాళ్ళు పక్క మండలంలో పట్టుబడ్డారని మర్యాదగానే చెప్పి, ఒక కాగితం ఇచ్చి సంతకం చెయ్యమన్నాడు. ఆమె ఎడమచేత్తో చేసింది. అతను దాన్ని వెలుతురుకు పట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"కలవలేదండి."

వెనకనుంచి ఎస్తేరు అరిచింది. "లీజు వద్దన్నోళ్ళందరూ చేతులెత్తండి!"

చివరి పేట మొత్తం ఎత్తింది. ధనకుమారి ఎడమచెయ్యి ఎత్తింది. బల్ల మీద చిటికెనవేలు కదిలింది. తర్వాత మిగతా వేళ్ళు విచ్చుకున్నాయి. చెయ్యి మోచేతి మీద నిలబడి ధనకుమారి వైపు తిరిగింది.

వీరాంజనేయులు కోప్పడలేదు. నిదానంగా వేళ్ళ మధ్య పెన్ను పెట్టాడు. ఫణికుమార్ కాగితం జరిపాడు. చెయ్యి అలవాటుగా వంగి, లీజు పొడిగింపు మీద సంతకం చేసింది. అక్షరాలు చక్కగా, గుండ్రంగా వచ్చాయి.

పదవీకాలం ముగిశాక చేతిని ఇంటికి పంపేశారు. అతుక్కుంది గానీ, అన్నం కలపబోతే కంచంలో సంతకం చేస్తోంది. పదవి ఈసారి ఎస్సీ మహిళకు రిజర్వయింది. వీరాంజనేయులు చివరి పేటకు వెళ్ళి, ఎన్నడూ లేనిది ఎస్తేరు ఇంట్లో మంచం మీద కూర్చుని టీ తాగాడు.

"నువ్వే నిలబడాలమ్మా. ఖర్చులు నేను చూసుకుంటాను. ఏదీ, ఒకసారి చెయ్యి చూపించు."

ఎస్తేరు చూపించలేదు. అతను వెళ్ళాక ధనకుమారి దగ్గరకు వచ్చింది.

"గెలిస్తే చెరువు నేనే ఎనక్కి తెస్తానండి. ఆయన్ని దగ్గరకి రానిస్తానేంటి? మరి... ఊడేటప్పుడు నొప్పేమన్నా ఉంటదా?"

ధనకుమారి ఆమె చేతిని తన ఎడమచేత్తో పట్టుకుని కాసేపు వదల్లేదు.

"ఉండదు" అంది. అది నిజమే.

నామినేషన్ వేసి వచ్చిన సాయంత్రం పేటకు నీళ్ళ ట్యాంకరు వచ్చింది. ఎస్తేరు కుడిచెయ్యి కొంగులో దాచుకుని, ఎడమచేత్తో బిందె ఎత్తడం నేర్చుకుంటోంది.