మూడు క్లచ్ వైర్ల కేబులు

ఆదివారం షెడ్డుకు సెలవు. ఆ ఉదయం బాషా పెట్టుకున్న పని ఒక్కటే, హెల్మెట్‌కి కేబులు చెయ్యడం. ఏలూరులో మోటారు సైకిళ్ళు బాగుచేసి బతికే ఈ మనిషికి ఏడాదిలో రెండు హెల్మెట్లు పోయాయి. ఒకటి రైతుబజారు దగ్గర, ఒకటి బస్టాండులో. మూడోది భార్య సాబిరా కొనిపెట్టింది. "ఇదీ పోగొట్టుకొచ్చారంటే నాలుగోది కొననండీ. సత్తుగిన్నె బోర్లించుకుని తిరగండి" అని తేల్చి చెప్పింది.

పాత క్లచ్ వైర్లు మూడు తీసి జడలా పేనాడు. ప్లాస్టిక్ గొట్టంలోకి దూర్చాడు. రెండు చివర్లా ఉచ్చులు వేసి, కొసలు మళ్ళీ లోపలికి అల్లి, టంకం పోశాడు. తాళంకప్ప మాత్రం బియ్యం డబ్బాకు వేసే పాతది.

ఆ అల్లిక తాడేపల్లిగూడెం సాదిక్ మేస్త్రీ నేర్పింది. ఆయన దగ్గర బాషా పదకొండేళ్ళు పనిచేశాడు. సొంత షెడ్డు పెట్టుకుంటానని చెప్పిన రోజునే మేస్త్రీ పానాల సెట్టు కనబడకుండా పోయింది. "దొంగా!" అన్నాడాయన నలుగురిలో. రెండు నెలలకు పానాలు ఆయన షెడ్డులోనే దొరికాయని కబురొచ్చింది. అన్న మాట వెనక్కి తీసుకున్నట్టు మాత్రం తొమ్మిదేళ్ళయినా కబురు రాలేదు. పిలవందే వెళ్ళనని ఇతను, రాందే పిలవనని ఆయన. ఇద్దరికీ బుద్ధి లేదని ఇద్దరి భార్యలూ ఎప్పుడో తేల్చేశారు.

టంకం చల్లారేలోగా సెల్ మోగింది. మేస్త్రీ కొడుకు మోయిన్.

"అన్నా, నాన్నకి అస్సలు బాలేదు. డాక్టరు ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. అమ్మ నిన్ను రమ్మంటోంది."

"నాన్న రమ్మన్నారా?"

"అమ్మ రమ్మంటోందన్నా."

బాషా చొక్కా తిరగేసి తొడుక్కుని, సాబిరా చెబితే మళ్ళీ సరిగ్గా తొడుక్కున్నాడు. "ఆ ఒక్క మాటా ఆయన నోటితో వెనక్కి తీసుకుంటే చాలు సాబిరా. ప్రాణం ఉండగా వెళ్ళాలి" అంటూ కేబులు సంచీలో పడేసుకుని, హెల్మెట్ పెట్టుకుని బండెక్కాడు.

దారిపొడుగునా కొల్లేటి చేపల లారీలు నీళ్ళు కార్చుకుంటూ పోతున్నాయి. ఇతని కళ్ళూ అదే పనిలో ఉన్నాయి. రోగి దగ్గరికి ఒట్టి చేతుల్తో వెళ్ళకూడదని భీమడోలులో బత్తాయిల కోసం ఆగాడు. రోడ్డు సగం దాటాక చేతిలోని హెల్మెట్‌కి తాళం వెయ్యాలని గుర్తొచ్చి వెనక్కొచ్చాడు. నల్ల బండి ముందు చక్రంలోంచి కేబులు దూర్చి, హెల్మెట్ తగిలించి, కప్ప నొక్కేశాడు.

బత్తాయిలతో తిరిగొచ్చి తాళం తిప్పితే చెవి సగం కప్పలోనే విరిగిపోయింది. జేబులోని ప్లయరు తీసి కేబులు పట్టాడు. అది తెగితే కదా! చెమటలు కక్కుతూ పెనుగులాడుతుంటే వెనక నుంచి ఒక పెద్దమనిషి అడిగాడు.

"ఏవండీ, నా బండితో ఏం పనండీ తమకి?"

"మీ బండేంటండీ, ఇది నా..." అంటూ బాషా నంబరు చూశాడు. ఆయన బండే. తనది నాలుగడుగుల అవతల, అచ్చం అలాంటిదే, తీరిగ్గా నిలబడి ఉంది. చప్పుడు విని ఏ బండి ఎవరిదో చెప్పే మనిషి ఎదురుగా ఉన్నదాన్ని పోల్చుకోలేకపోయాడు.

ఆ పెద్దమనిషి పేరు అబ్బాయిరాజు, అత్తిలి రైతు. ఆయన అరవనైనా లేదు. జనమే మూగారు.

"దొంగండీ, దొంగ!"

"పొరపాటండీ బాబూ!"

"దొంగలంతా అదే అంటారండీ. మీరిలా కూర్చోండి." ఎవరో స్టూలు కూడా తెచ్చి వేశారు.

"మా గురువుగారు పోయేలా ఉన్నారండీ, నన్ను వదలండి!"

"దొరికిపోయాక అందరి గురువులూ పోతారండీ."

కేబులు తెంచడానికి పక్కనున్న మెకానిక్ పాపారావును పిలిచారు. అతను రంపపు బ్లేడు రెండు ముక్కలు చేసుకుని, కేబులును తిప్పి తిప్పి చూశాడు. "ఇది గూడెం సాదిక్ మేస్త్రీ అల్లికండీ. ఇంకెవరికీ రాదు. అక్కణ్ణుంచి కొట్టుకొచ్చి ఉంటాడు. ఉండండి, ఆయన్నే అడుగుతాను."

"వద్దండీ!" అని బాషా గావుకేక పెట్టాడు. "మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆయన్ని మాత్రం అడక్కండి!"

దాంతో ఉన్న అనుమానం కూడా తీరిపోయింది జనానికి. పాపారావు నంబరు నొక్కాడు. "మేస్త్రీగారితో మాట్లాడాలమ్మా. ఆయన కేబులుతో ఇక్కడో దొంగ దొరికాడు" అన్నాడు. బాషా మొహం చేతుల్లో దాచుకున్నాడు. పోయేముందు ఆయన చెవిన పడే ఆఖరి కబురు ఇదా, అల్లా! 

పాపారావు "ఆఁ... ఆఁ... అలాగేనండీ" అంటూ చెప్పులు విడిచి మరీ విన్నాడు. ఫోను పెట్టేసి, "వదిలెయ్యండీయన్ని. అన్నా, మీరు తొందరగా వెళ్ళండి" అన్నాడు.

హెల్మెట్ రాజుగారి బండికే వేలాడుతుండగా బాషా ఒట్టి తలతో గూడెం చేరాడు. వీధిలోనే చెప్పుల గుట్ట కనబడింది. బత్తాయిల సంచీ చేతిలోంచి జారిపోయింది. గుమ్మంలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మేస్త్రీ భార్య నజ్నీన్ వచ్చి పక్కన కూర్చుంది. "పావుగంటయింది నాయనా."

"ఇంకాస్త ముందొస్తే ఆ మాట అడిగేవాణ్ణమ్మా. నా చేత్తో నేనే చెడగొట్టుకున్నాను."

"నువ్వు ఎదురుగా నిలబడితే ఏమనేవారు? మొహం గోడవైపు తిప్పుకునేవారు. నాకు తెలీదూ ఆ మొండితనం! తెల్లారినుంచీ పలకలేదు. ఆ ఫోను చెవి దగ్గర పెడితే కళ్ళు తెరిచారు. మూడు వైర్లు పేనాడా, కొసలు లోపలికి అల్లాడా అని అడిగారు. 'అయితే మా బాషా. వాడు దొంగ కాదు. నేనన్నాను చూడండి, అది తప్పు. వదిలెయ్యండి వాణ్ణి' అన్నారు. తరవాత మంచినీళ్ళు తాగారు. మళ్ళీ మాట్లాడలేదు."

సాయంత్రం ఖబరస్తాన్‌లో బాషా మూడు పిడికిళ్ళ మట్టి వేశాడు. చేతులు దులుపుకోబుద్ధి కాక అలాగే నిలబడ్డాడు. ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. అబ్బాయిరాజు. బస్సు దిగి, దారి అడుక్కుంటూ వచ్చాడట.

"బండి ఇంకా భీమడోల్లోనే ఉందండీ, నలుగురు మెకానిక్కులు చూశారు, కేబులు తెగలేదు" అన్నాడాయన గొంతు తగ్గించి. "మీ గురువుగారు పని బాగా నేర్పారండీ."