పిడి తేలందే తలుపు లేదు

వంటింటి అలమారాకు పిడి ఎన్నుకోవడమంత గొప్ప వరం మనిషికి ఇంకొకటి లేదు! ఓటు వెయ్యడం ఒక్క నిమిషంలో అయిపోతుంది. పిడి ఎన్నుకోవడానికి ఎనిమిది నెలలు పడుతుంది. ఇందులో ఏది అసలైన ప్రజాస్వామ్యమో మీరే చెప్పండి.

నవ్వకండి. అనుభవంతో చెబుతున్నాను. బొగ్గుగనిలో ముప్ఫై ఒక్క ఏళ్లు మైనింగ్ సర్దార్‌గా చేసినవాణ్ని. అంటే పొద్దున లేస్తే గని పైకప్పును కర్రతో తట్టి చూసి, 'ఇది కూలదు, లోపలికి పోండి' అని పదిమందికి చెప్పే పని. నేను చెప్పాక ఒక్కసారి కూడా కూలలేదు. కాబట్టి నా మాటకు ఎంతోకొంత విలువ ఉందనుకుంటాను.

ఆ ముప్ఫై ఒక్క ఏళ్లూ మేం ఉన్నది క్వార్టర్లో. వంటింటి గోడకు మూడు సిమెంటు అరలు ఉండేవి, వాటికి తలుపుల్లేవు. పొద్దున కడిగి బోర్లించిన కంచం మీద మధ్యాహ్నానికి బొగ్గుదుమ్ము పేరుకునేది. అందుకే మా కాలనీలో ఏ ఇల్లాలైనా సరే, అన్నం పెట్టే ముందు కంచాన్ని కొంగుతో ఓసారి తుడవాలి. ఊరినుంచి వచ్చిన చుట్టాలు 'కడగలేదా ఏంది' అన్నట్టు చూసేవాళ్లు.

రిటైరయ్యాక చంద్రపూర్‌లో ఇల్లు కడతామనగానే మా ఆవిడ భూదేవి ఒక్కటే అడిగింది.

"పూజగది లేకున్నా మంచిదే. నా అరలకు తలుపులు గావాలె. ఒక్కపూటన్న కంచం తుడవకుండ బువ్వ పెట్టాలె."

ఇంతేనా! వారంలో అయిపోతుందన్నాను. ఇల్లు లేచి తలుపుల వంతు వచ్చేసరికి 2014 ఫిబ్రవరి అయింది. కోఠారి నుంచి వడ్రంగి సమ్మన్న వచ్చి పద్నాలుగు తలుపులు కోసి, నునుపు చేసి, ముందుగది గోడకు వరసగా ఆనించాడు. "సర్దార్ సాబ్, హింజులు, హ్యాండిళ్లు తెచ్చిన్నాడు ఫోన్ కొట్టుండ్రి. సగం రోజుల బిగిస్త" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు బజార్లోని హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లాను. అక్కడే నా జీవితం మలుపు తిరిగింది. దుకాణం కుర్రాయన నా ముఖంలోకి చూసి, ఎంతో మర్యాదగా మరాఠీలో, "కాకా, తుమ్హాలా కాయ్ పాహిజే?" అన్నాడు. మీకేం కావాలి, అని!

అయ్యా, అరవై ఏళ్లలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. మాది రాష్ట్రాల సరిహద్దులో, విరూర్ దగ్గర ఒక పల్లె. మా తాత బాపయ్య మంచం దిగకుండానే మూడు రాష్ట్రాలు తిరిగాడు. హైదరాబాద్ రాష్ట్రంలో పడుకున్నవాడు బొంబాయి రాష్ట్రంలో లేచాడు, ఇంకోసారి పక్కమీద ఒత్తిగిల్లేసరికి మహారాష్ట్ర అయింది. తాలూకా మొత్తాన్ని ఎత్తి అవతల పెట్టినవాళ్లు, "బాపయ్యా, నీకేం కావాలె?" అని అడిగారా? లేదు. మా చేను గనిలోకి పోయినప్పుడు మా అయ్యను అడిగారా? లేదు. బదులుగా నాకు నౌకరీ ఇచ్చినప్పుడు గని పైన పనా, గని లోపల పనా అని నన్ను అడిగారా? అదీ లేదు. ఆఖరికి క్వార్టర్ నంబరు కూడా వాళ్లే రాసిచ్చారు.

అలాంటివాణ్ని పట్టుకుని మీకేం కావాలని అడిగితే ఏమవుతుంది? నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "అన్నీ చూపించు నాయనా" అన్నాను.

చూపించాడు! యాంటిక్ బ్రాస్, సాటిన్ స్టీల్, రోజ్ గోల్డ్, మ్యాట్ బ్లాక్. విల్లులా వంగినవి, నిటారుగా ఉన్నవి, గుండ్రని నాబ్‌లు, వేలు దూర్చి లాగే గుంటలు. మ్యాట్ బ్లాక్ అన్నిటికంటే ఖరీదట. ముప్ఫై ఒక్క ఏళ్లు నా ఒంటికి ఊరికే అంటిన రంగు అది!

నేను ఊరికే చూసి కొనే రకం కాదు. ప్రతి పిడినీ చెవి దగ్గర పెట్టుకుని కర్రతో తట్టాను. గని పద్ధతి అదే. గట్టి బండ టంగుమంటుంది, బోలు బండ డుబ్బుమంటుంది. గనిలో ఇంకో నియమం కూడా ఉంది. చేత్తో పట్టుకునేది ఏదైనా సరే, మన బరువు ఆపుతుందో లేదో ముందే తేల్చుకోవాలి. కాబట్టి షో బోర్డుకు బిగించిన పిడిని రెండు చేతులా పట్టుకుని వేలాడాను. పిడి చెక్కు చెదరలేదు, మంచి సరుకు. బోర్డు మాత్రం గోడనుంచి ఊడి, మిగతా నలభై పిడులతో సహా నామీద పడింది. ఆ రోజునుంచి నేను కనపడితే చాలు, కుర్రాయన పరుగెత్తుకొచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. ఇంత గౌరవం మా గని మేనేజరు దగ్గర ఎన్నడైనా దొరికిందా?

ఇక హింజుల సంగతి, అంటే తలుపు బందుల సంగతి. సాఫ్ట్ క్లోజ్ అని ఒక రకం ఉంది. ఎంత విసురుగా తోసినా తలుపు చప్పుడు లేకుండా మెల్లగా మూసుకుంటుంది. దీనిమీద నేను భద్రతా కారణాలతో అభ్యంతరం తెలిపాను. గనిలో పైకప్పు కూలే ముందు చిటపటమంటుంది. ఆ చప్పుడు వినే కదా మనుషులు బయటపడేది! వంటింట్లో తలుపు ధడేల్మంటేనే ఇవాళ పరిస్థితి బాగాలేదని ఇంటాయనకు తెలుస్తుంది. చప్పుడే లేకపోతే ఏమీ ఎరగనట్టు లోపలికి పోయి 'చాయ్ పెట్టు' అంటాడు. తర్వాత జరిగే ప్రమాదానికి బాధ్యులెవరు? ఈ ఒక్క అంశం మీదే నెలన్నర ఆలోచించాను.

ఇంతలో ఆవర్‌పూర్ సిమెంటు కాలనీ నుంచి మా బామ్మర్ది ఎల్లన్న వచ్చాడు. "ఇప్పుడు పిడి లేకుండుడే ఫ్యాషన్ బావా. వేలుతోని నొక్కితె అదే తెరుచుకుంటది" అన్నాడు. పిడే లేకపోతే ఎన్నుకోవడానికి ఏముంటుంది? నా హక్కునే లాక్కుంటావా అని కేకలేశాను. పాపం, భోజనం చెయ్యకుండానే బస్సెక్కాడు.

అటు ఢిల్లీలో ఒక పెద్ద రాష్ట్రం రెండు ముక్కలైంది. జూన్ రెండున మంచిర్యాల నుంచి మా చిన్నాయన కొడుకు వెంకన్న ఫోన్ చేశాడు. వెనకాల డప్పులు, టపాకాయలు. "అన్నా, మాకు తెలంగాణ అచ్చింది! నీకు పిడి అచ్చిందా?" అని ఒకటే నవ్వు. నేనేం చిన్నబుచ్చుకోలేదు. వాళ్లది అరవై ఏళ్ల పోరాటం. నాది అప్పటికి నాలుగు నెలలే కదా!

ఈ లోపల ఇంట్లో ఏం జరుగుతోందని అడుగుతారేమో. ఏముంది, అంతా సవ్యంగానే ఉంది. తలుపులు గోడకానుకుని నిలబడే ఉన్నాయి. 'తలుపుల దుకాణం పెట్టినవా' అని వచ్చినవాళ్లంతా అడుగుతున్నారు. బొగ్గు లారీలు ఇంటి ముందునుంచే పోతాయి గనక, క్వార్టర్లో వదిలేసి వచ్చామనుకున్న దుమ్ము మాకంటే ముందే కొత్తింట్లో దిగింది. భూదేవి పాత చీరలు చింపి అరలకు అడ్డం కట్టుకుంది. గిన్నె గిన్నెనూ మళ్లీ కడుగుతోంది, కంచం కంచాన్నీ మళ్లీ తుడుస్తోంది. నెలకోసారి మాత్రం, "ఏందయ్యా, తేలిందా?" అనేది. "కేటలాగ్ చూస్తున్న" అనేవాణ్ని. వానాకాలం పోయాక అడగడం కూడా మానేసింది. నాకు చాలా హాయిగా అనిపించింది.

దసరా వెళ్లాక నాగ్‌పూర్ పోయాను. అక్కడ దొరికింది! యాంటిక్ బ్రాస్, విల్లు వంపు, తడితే టంగుమంది, వేలాడితే కిక్కురుమనలేదు. పద్నాలుగు కొన్నాను. రైల్లో సంచీని ఒళ్లోనే పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి చూస్తే ముందుగది గోడ ఖాళీ! దొంగలు పడ్డారనుకుని వంటింట్లోకి పరుగెత్తాను. పద్నాలుగు తలుపులూ అరలకు బిగించి ఉన్నాయి. ప్రతి తలుపుకూ ఒక్కటే బెజ్జం. అందులోంచి పాత చీర పేలిక ఒకటి ముడివేసి వేలాడుతోంది. భూదేవి అప్పుడే పప్పుల డబ్బాలు సర్దుకుంటోంది.

"ఇదేంది? పిడేది?" అన్నాను.

"పిడెందుకయ్యా? మామూలు హింజులు నేనే పోయి తెచ్చిన. సమ్మన్న పొద్దుగాల అచ్చిండు, బువ్వ యాళ్లకు బిగించి పోయిండు."

"నేను ఎనిమిది నెలలు తిరిగి..."

"నా చేతులకు నూనె ఉంటది, పిండి ఉంటది. ఇత్తడి పిడైతె దాన్ని తోముకుంట ఎవలు కూసుంటరు? పేలికైతె ఉతుక్కుంట. ఇన్ని దినాలు గంత తిరిగినవు గదా, నన్ను ఒక్కసారన్న అడిగినవా?"

అడిగినవా! ఈ మాట నాకు కొత్త కాదు. మా తాత బాపయ్య చచ్చేదాకా సర్కారును అడిగింది ఇదే. ఆయన తిట్లు వింటూ పెరిగినవాణ్ని నేను. తలుపులు భూదేవివి, వాటిని తెరిచే చెయ్యి ఆమెది, ముప్ఫై ఒక్క ఏళ్లు దుమ్ము తుడిచిన కొంగు ఆమెది. ఎనిమిది నెలలుగా ఈ ఇంట్లో సర్కారు మాత్రం నేనే! మీకేం కావాలని నన్నెవరో అడిగితే కళ్లనీళ్లు పెట్టుకున్నానే, ఆ ఒక్క మాటను దుకాణం నుంచి ఇంటిదాకా తీసుకురాలేకపోయాను. నిజం చెబుతున్నాను, సిగ్గేసింది.

సంచీ కింద పెట్టి, గొంతు సవరించుకుని, "ఇగ చెప్పు భూదేవీ, నీకేం గావాలె?" అన్నాను.

"జర పక్కకు జరుగు" అంది.

జరిగాను. పేలిక పట్టుకుని లాగింది. తలుపు ఏ చప్పుడూ లేకుండా తెరుచుకుంది. కంచం తీసింది. అలవాటుకొద్దీ చెయ్యి కొంగు దాకా పోయింది. ఆగి, కంచాన్ని వెలుతురుకు తిప్పి చూసుకుంది, కొంగు వదిలేసింది. తుడవకుండానే నాకు బువ్వ పెట్టింది.

కాబట్టి పాఠకులారా, పద్నాలుగు పిడులు మా మంచం కింద ఉన్నాయి, అన్నీ తట్టి చూసినవే. కావలసినవాళ్లు రావచ్చు. ఒక్కరే రాకండి, వంట చేసేవాళ్లను కూడా వెంటబెట్టుకుని రండి.