జీరెన్ ఫోటో వెనక రాసిన మాటలు

రొట్టెల పిండి పొంగేలోగా ఫోటోల పని ముగించేయాలని బురులై ఆ ఉదయం అనుకుంది. పిండి గిన్నెను పొయ్యి పక్కన పెట్టి, దాని మీద మామగారి పాత కోటు కప్పి, ల్యాప్‌టాప్ తెరిచింది. కొచ్‌కోర్ దాటాక కనుమ కింద ఉన్న ఆ ఊళ్ళో, తమ ఇంటి రెండు గదులను అతిథుల కోసం తీర్చిదిద్ది, వాటికొక వెబ్‌సైట్ పెట్టి ఏడాది కావస్తోంది. వేసవిలో ఒక్క జర్మన్ జంట మాత్రం వచ్చింది. వాళ్ళయినా దారి తప్పి వచ్చారు.

బిష్కెక్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే పిన్ని కూతురు అయ్‌పెరి, ఫోన్‌లోనే రోగం కనిపెట్టింది.

"నీ ఫోటోలు ఒక్కోటీ ఎద్దంత బరువున్నాయక్కా. పేజీ తెరుచుకునేలోపు మనిషి ఇంకో ఊరెళ్ళి పడుకుంటాడు. ముందు వాటిని తేలిక చెయ్యి. తర్వాత ఒక్కో ఫోటో వెనకా అందులో ఏముందో రాయి."

"ఏముందో చూస్తే కనపడదా?"

"నీకు కనపడుతుంది. సెర్చ్ ఇంజన్‌కి కళ్ళు లేవు, రాసింది చదువుకుంటుందంతే. ఆ మాటలు పేజీ చూసేవాళ్ళకి కనపడవులే, దానికొక్కదానికే."

బురులై ఫోటోలు తేలిక చేసింది. పరుపుల గది, వేన్నీళ్ళ గది, ఆపిల్ చెట్టు, అన్నిటి వెనకా ఉన్నదున్నట్టు రాసింది. చివరి ఫోటో దగ్గర చెయ్యి ఆగిపోయింది. అందులో మామగారు కెంజెబెక్ తన గుర్రం జీరెన్ మెడ మీద చెయ్యేసి నవ్వుతున్నాడు.

"ఎవరున్నారో పేరు రాయి," అంది అయ్‌పెరి.

"మామయ్య పేరు నేనెలా రాస్తానే!"

ఆ వైపు కోడళ్ళు మామగారి పేరు పలకరు. బురులై కరెంటు ఆఫీసు దరఖాస్తులో సైతం ఆ గడి ఖాళీగా వదిలి మొగుడి చేత నింపించింది. ఆ మొగుడు ఇప్పుడు వ్యాను వేసుకుని నరీన్ వెళ్ళాడు.

"అయితే ఆయన్ని వదిలెయ్. గుర్రం గురించి రాయి. మీ వైపు జనం ఈ నెల ఏం వెతుకుతున్నారో చూసి ఆ మాటలు కూడా కలుపు."

అది నవంబరు. ఆ వైపు జనమంతా ఒక్కటే వెతుకుతున్నారు: సోగుమ్ గుర్రం. అంటే చలికాలానికి కోసుకుని మాంసం దాచుకునే గుర్రం. ఎవరికీ కనపడని మాటే కదా అని బురులై వేరే ప్రకటనలోంచి ఒక వాక్యం తెచ్చి పెట్టింది: 'బాగా కొవ్వు పట్టిన సోగుమ్, కొండగడ్డి మేసినది, లేత మాంసం.' అంతలో పిండి పొంగి కోటు చేతిలోకి పాకడంతో ల్యాప్‌టాప్ మూసేసింది.

నిజానికి జీరెన్‌కు ఆ వాక్యంలోని ఒక్క లక్షణమూ లేదు. అది మూడేళ్ళ కిందట పోయిన అత్తగారు ఎక్కిన గుర్రం. ప్రతి చలికాలమూ ఇరుగుపొరుగు, "ఇంకా మేపుతున్నావా బావా, దానికి పళ్ళు కూడా లేవుగా" అనేవారు. "నాకు మాత్రం ఉన్నాయేంటి?" అని కెంజెబెక్ గడ్డిని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి పెట్టేవాడు. సాయంత్రాలు దానితో ఏవేవో చెప్పుకునేవాడు. ఆ గుర్రం కత్తి దగ్గరికి పోయిన రోజున ఆ ఇంట్లో ఆయనకు మాట్లాడే తోడు ఉండదని బురులైకి తెలుసు.

శనివారం మధ్యాహ్నం గేటు ముందు ఒక కారు ఆగింది. నరీన్ నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు దిగారు. ఫోన్ చేస్తే తమ ఆత్రం బయటపడి ధర పెరుగుతుందని వాళ్ళు చెప్పకుండా వచ్చారు. ఎందుకొచ్చారని కెంజెబెక్ అడగలేదు. వచ్చినవాణ్ణి అలా అడగడం అక్కడ మెడపట్టి గెంటడంతో సమానం. తినకముందే పని చెప్పుకోవడం అంతకంటే మొరటుతనం కాబట్టి వాళ్ళూ చెప్పలేదు. టీ తాగుతుండగా ఒక లారీ వచ్చింది. అందులోంచి జపార్‌కుల్ అనే తెల్లగడ్డం పెద్దాయన దిగాడు.

కెంజెబెక్ వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, నీ కంప్యూటర్‌ని నేను ఊరికే తిట్టుకున్నాను. నా ఫోటో చూసి వచ్చారట!"

"లారీలో ఎందుకొచ్చారు మామయ్యా?"

"సామాను ఎక్కువేమో." ఆయన గొర్రెను కోయడానికి వెళ్ళాడు.

మాంసం ఉడికేలోగా అతిథులు ఒక్కొక్కరే కాళ్ళు సాగదీసుకుంటామని కొట్టం వైపు వెళ్ళారు. ఒకాయన జీరెన్ జూలు కింద చెయ్యి పెట్టి చాలాసేపు తడిమాడు. ఇంకొకాయన పక్కటెముకలు నిమిరాడు. కిటికీలోంచి చూస్తున్న కెంజెబెక్‌కు కళ్ళు చెమర్చాయి. మూగజీవాన్ని ఇంత ప్రేమగా ముట్టుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు? వాళ్ళు మాత్రం వేళ్ళకు కొవ్వు తగలక దిగులు ముఖాలతో తిరిగొచ్చారు.

అన్నదమ్ముల్లో చిన్నవాడు వసారాలో బురులైని ఆపాడు.

"వదినా, అసలు గుర్రం ఎక్కడ దాచారు?"

"ఏ అసలు గుర్రం?"

"ఇదిగో, కొవ్వు పట్టిన సోగుమ్ అని వెతికితే మొట్టమొదట వచ్చింది మీదే." అతను ఫోన్ చూపించాడు. తెర నిండా మామగారి నవ్వు ముఖం. జీరెన్ చెవి ఒకటి పక్కన కనపడుతోంది. "మొదట పెద్దాయన్ని చూసి మేమూ కంగారుపడ్డాం."

బురులై చేతిలోని పళ్ళేన్ని ఆ ఫోన్‌కు అడ్డం పెట్టింది. "తమ్ముడూ, నీకు పుణ్యముంటుంది. అది పొరపాటున రాసింది. అది మా అత్తగారి గుర్రం. మామయ్య ముందు మాంసం మాట ఎత్తకండి. ఊరికే బాగుందని నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్ళిపోండి."

"దాన్ని చూసి నాలుగు మాటలంటే కష్టమే వదినా. ఒకటి ప్రయత్నిస్తాం." అతను లోపలికి వెళ్ళి జపార్‌కుల్ చెవిలో ఊదాడు.

భోజనమైంది. అరచేతులతో ముఖాలు తుడుచుకుని దీవెన చెప్పుకున్నారు. అందరూ పెద్దవాడైన జపార్‌కుల్ వైపు చూశారు. గొర్రెను కోసి పెట్టిన మనిషిని ఆయన ఎలా నొప్పిస్తాడు?

"అన్నా, మీ గుర్రాన్ని చూశాం," అన్నాడు గొంతు సవరించుకుని. "ఏం గుర్రం! ఏం నిలకడ! అటువంటిది నా కంట పడలేదు."

ఇంటికొచ్చిన పెద్దమనిషి ఒక వస్తువును అంతగా మెచ్చుకుంటే చెప్పాల్సిన మాట ఒకటే ఉంది. కెంజెబెక్ వాళ్ళ తాత చెప్పాడు, తండ్రి చెప్పాడు. తుమ్మితే దీవెన వచ్చినంత సహజంగా అది ఆయన నోట్లోంచి వచ్చింది.

"నచ్చిందా? అయితే అది మీదే. తీసుకెళ్ళండి."

బురులై పోస్తున్న టీ గిన్నె అంచు దాటి గుడ్డ మీద పారింది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే దారి కెంజెబెక్‌కు లేదు. పదిమంది ముందు ఇచ్చిన బహుమతిని చివరిదాకా వద్దనే దారి జపార్‌కుల్‌కూ లేదు. ఆ గుర్రాన్ని కనుమ దాటించి తీసుకెళితే అయ్యే డీజిలు ఖర్చుకు దాని మాంసం సరిపోదని ఆయన ముఖమే చెబుతోంది. అయినా పద్ధతి ప్రకారం రెండుసార్లు వద్దని, మూడోసారి గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి, "ఎంత పెద్ద మనసు!" అన్నాడు నీరసంగా.

కెంజెబెక్ కొట్టంలోకి వెళ్ళాడు. వెనకే బురులై పరుగెత్తింది.

"మామయ్యా, తప్పు నాది. ఫోటో వెనక నేనే సోగుమ్ అని రాశాను. వాళ్ళు దాన్ని తినడానికి వచ్చారు."

ఆయన జీరెన్ మూతికి అంటుకున్న తడి గడ్డి పరకలను ఒక్కొక్కటే తీశాడు.

"రాత నీదేనమ్మా," అన్నాడు చివరికి. "మాట నాది కదా."

ఆయన కళ్ళెం తగిలించి, విప్పి, మళ్ళీ తగిలించాడు. గుమ్మంలో నిలబడ్డ జపార్‌కుల్ అది చూశాడు. గోడకు తగిలించి ఉన్న జీను కూడా చూశాడు. అది ఆడవాళ్ళ జీను. వాడకం లేకపోయినా దాని మీద దుమ్ము లేదు.

"ఎప్పుడు పోయారు?" అని అడిగాడు.

"మూడేళ్ళయింది."

"నాకు అయిదేళ్ళు." జపార్‌కుల్ పగ్గం అందుకున్నాడు. "అన్నా, నాకొక ఇబ్బంది వచ్చింది. మీ గొర్రెను తిన్నాను, మీ గుర్రాన్ని పుచ్చుకున్నాను. బదులేమీ ఇవ్వకుండా వెళితే మా ఊళ్ళో నా ముఖాన ఉమ్మేస్తారు. చూస్తే నా దగ్గర ఈ గుర్రం తప్ప ఇంకేమీ లేదు. దయచేసి దీన్ని తీసుకోండి."

మామగారు వద్దంటారేమోనని బురులై ఒక అడుగు ముందుకేసింది. బహుమతిని రెండుసార్లు వద్దని మూడోసారి పుచ్చుకోవడం పద్ధతి. మర్యాద విషయంలో మామగారు ఒక్క మెట్టు కూడా దాటవేసిన మనిషి కాదు.

"ఇటివ్వు," అన్నాడు కెంజెబెక్. పగ్గం లాక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. "నా పేరు నువ్వు రాయలేవు. జరుగు, నేనే రాస్తాను." ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, టీ రెండుసార్లు చల్లారేదాకా రాశాడు: 'కెంజెబెక్, ఆయన గుర్రం. సోగుమ్ కాదు. మాంసానికి కాదు. కొవ్వు అసలే లేదు.'

సెర్చ్ ఇంజన్ అందులో సోగుమ్, మాంసం, కొవ్వు మాత్రం శ్రద్ధగా చదువుకుంది. తర్వాతి వారం మూడు బళ్ళు వచ్చాయి. అదే రోజు మంచు కురిసి కనుమ మూసుకుపోవడంతో అందరూ గదుల్లో పడుకున్నారు, బురులైకి డబ్బిచ్చే పడుకున్నారు. భోజనాల దగ్గర ఎవరైనా కొట్టం వైపు చూసి నోరు తెరిస్తే చాలు, కెంజెబెక్ ఆ నోట్లో తన చేత్తో పెద్ద మాంసం ముక్క పెడుతున్నాడు.