ట్యాంకు కోసం రెండువందల పదకొండు సంతకాలు

తెలుగుజాతికి నిన్నటిదాకా సముద్రం అడ్డంగా ఉండేది. ఆ అడ్డు తొలగిందని అమెరికాలోని పిస్కాటవే ఊళ్ళో యోగానంద్ గారు ప్రకటించారు. ఆయన తెలుగు మహావేదిక అధ్యక్షులు. వచ్చే నెల ఎన్నికల్లో ఆయన మళ్ళీ గెలవాల్సిన అవసరం జాతికి ఉంది. అందుకని వేదికకి కరీబియన్ దీవుల్లో కొత్త శాఖ, కరీబియన్ చాప్టర్, తెరిచారు.

చాప్టర్ అంటే ఆండాళ్. సెయింట్ క్రాయ్ దీవిలో స్కూలు పిల్లలకి లెక్కలు చెబుతుంది. అమెరికా జెండా ఎగిరే ఆ దీవిలో తెలుగు వచ్చిన మనిషి ఆవిడొక్కతే. తను కన్వీనరైన సంగతి వాట్సాప్‌లో చూసి తెలుసుకుంది.

వద్దందామనుకుంది గానీ స్కూలు ట్యాంకు గుర్తొచ్చింది. అక్కడ కప్పు మీద పడ్డ వాననీళ్ళే ట్యాంకులో పట్టి వాడుకోవాలి. కిందటి తుఫానుకి అది పగిలింది. అప్పట్నించీ సగం రోజులు బడి మధ్యాహ్నానికే వదిలేస్తున్నారు. వేదిక కొత్త ట్యాంకు కట్టిస్తుందేమోనని ఆయన్ని అడిగింది.

"ట్యాంకే కదమ్మా! జనం చేత సంతకాలు పెట్టించు. పేరు, అడ్రస్, ఈమెయిల్. పబ్లిక్ డిమాండ్ కనపడాలి," అన్నారు యోగానంద్ గారు ఫోన్లో.

ఆండాళ్ మూడు వారాలు తిరిగింది. మేకలు రోడ్డు దాటేదాకా కారాపి, కోళ్ళకి దారిచ్చి, ఇంటింటికీ వెళ్ళింది. అక్కడ ముందు గుడ్ మార్నింగ్ అనకపోతే ఎవరూ మాట వినరు. అన్నాక గంటదాకా వదలరు. మామిడిపళ్ళు చేతిలో పెట్టి, మోకాళ్ళ నొప్పులు చెప్పుకుని, అప్పుడు సంతకం చేశారు. ప్రిన్సిపాల్ మిసెస్ పెట్రస్‌తో మొదలై రెండువందల పదకొండు తేలాయి.

యోగానంద్ గారు పట్టుపంచెతో, ఫొటోగ్రాఫర్‌తో దిగారు. కొట్లోకి వెళ్తూనే "వన్ కోకనట్!" అన్నారు. కొట్టావిడ ఆయన భుజం మీంచి పది నిమిషాలు సముద్రం చూసింది.

"నన్ను చూసి నోట మాట రావట్లేదమ్మా పాపం," అని జాలిపడ్డారాయన.

ట్యాంకు పగుల్లోకి తొంగిచూసి కళ్ళు తుడుచుకున్నారు. ఫొటో సరిగ్గా పడలేదంటే మళ్ళీ తుడుచుకున్నారు. సంతకాల కాగితాలు కళ్ళకద్దుకుని సూట్‌కేసులో పెట్టుకున్నారు.

వారం తర్వాత జూమ్‌లో ఎన్నికల అధికారి ఫలితాలు చదివాడు. "కరీబియన్ చాప్టర్. పోలైన ఓట్లు రెండువందల పదకొండు. యోగానంద్ గారికి రెండువందల పదకొండు."

నోవై ఊరి నుంచి ఆయన మీద పోటీ చేసిన రఘువీర్ లేచాడు. "అక్కడున్నది ఒక్క తెలుగావిడే కద సార్!"

యోగానంద్ గారు మళ్ళీ కళ్ళు తుడుచుకున్నారు. "ఆ దీవివాసులు అమెరికా పౌరులు. అయినా దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓటు ఈ దేశం వాళ్ళకివ్వలేదు. మన వేదిక ఇచ్చింది!"

చప్పట్లు మోగిపోయాయి. రఘువీర్ కూడా కొట్టాడు.

"నేను ఓటెయ్యలేదండీ. అవి ట్యాంకు కోసం..." అంది ఆండాళ్. అప్పటికే ఆవిణ్ణి మ్యూట్ చేశారు.

మర్నాడు మబ్బు పట్టింది. స్కూలు వరండా చూరు కింద మిసెస్ పెట్రస్ బకెట్లు వరసగా పెడుతోంది.

"ఆండాళ్, మన సంతకాలు ఏమయ్యాయి?"

ఆండాళ్ ఒక బకెట్ అందుకుని చూరు కిందకి జరిపింది. "గెలిచాయి," అంది.

మిసెస్ పెట్రస్ మొహం వెలిగిపోయింది. "ఇంక ఇవెందుకు!" అంటూ బకెట్లన్నీ బోర్లించేసింది.