ఒక్కరోజు బంగారు గని

గురువారం ఒక్కరోజు బంగారం తవ్వాలని హార్లన్ పెటిగ్రూ బుధవారం పొద్దున కాఫీ తాగుతూ నిర్ణయించుకున్నాడు. శుక్రవారం నుంచి మానేయాలని కూడా ఆ కప్పు ఖాళీ అయ్యేలోపే నిర్ణయించుకున్నాడు.

కాగితాల ప్రకారం అతను పందొమ్మిదేళ్లుగా గని యజమాని. అలాస్కాలో మా లోయంతా సర్కారు భూమి. అందులో విమానం దించుకుంటానంటే ఎవరూ ఒప్పుకోరు. కానీ వాగు ఒడ్డున కాస్త జాగాకు గుర్తులు పాతి, ఇక్కడ బంగారం తవ్వుకుంటానని రాసిస్తే, సామాను తెచ్చుకోవడానికి రన్‌వే వేసుకోనిస్తారు. హార్లన్ రన్‌వే తొమ్మిది వందల అడుగులు. అతని పసుపుపచ్చ విమానం దాని మీద చేపల గాలాలు దించింది, పిండి బస్తాలు దించింది, భార్య మేవిస్ కుట్టుమిషను కూడా దించింది. గనికి పనికొచ్చేది మాత్రం ఏదీ దించలేదు. ఇన్నేళ్లలో ఆ జాగాలో అతను తవ్విన గొయ్యి ఒకే ఒక్కటి. అది కిందటేడు కొత్త మరుగుదొడ్డి కోసం, అదీ మేవిస్ నెల రోజులు సాధిస్తే.

తపాలా విమానం నడిపే ఆర్డిత్ ఇచ్చి వెళ్లిన ఉత్తరం బల్ల మీద ఉంది. గురువారం తనిఖీకి వస్తారట. తవ్వకం జరుగుతూ ఉండాలి, బంగారం కనబడాలి. లేకపోతే గని రద్దు. రన్‌వేకి అడ్డంగా కందకాలు కొట్టి స్ప్రూస్ మొక్కలు నాటుతారు.

"నాటితే నాటనీ. రోడ్డు నలభై మైళ్లేగా, నడిచొస్తాను," అన్నాడు హార్లన్ బింకంగా.

"ఆ మోకాళ్లతోనా? పొయ్యి దగ్గర్నుంచి కుర్చీ దాకా రావడానికే ముక్కుతావు," అంది మేవిస్. "సరే, నువ్వు నడుస్తావనుకో. శనివారం వాళ్లంతా ఎక్కడ దిగుతారు?"

హార్లన్ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతని బాధ కూడా అదే. లోయలో విమానం ఉన్న ప్రతివాళ్లూ శనివారం పొద్దున మేవిస్ పుల్లపిండి అట్ల కోసం అక్కడే దిగుతారు. వాళ్లలో వెర్నాన్ అయితే, భార్య పోయిన దగ్గర్నుంచి వారం మొత్తంలో మనుషులతో మాట్లాడేది ఆ ఒక్క పూటే. రన్‌వే పోతే ఆ శనివారాలు పోతాయి.

"కంకర కడిగే చెక్క దోనె ఒకటుండాలి మనకి," అన్నాడు చివరికి.

"ఉంది. నా స్ట్రాబెర్రీలు దాన్లోనే ఉన్నాయి."

"మేవిస్..."

"ముట్టుకున్నావంటే చేతులు విరిచేస్తాను. నేనే తీస్తాను." మేవిస్ మొక్కలన్నీ డబ్బాల్లోకి మార్చి, దోనెలోని మట్టిని మెట్ల పక్కన కుప్పగా పోసింది. ఒక్కో మొక్కకూ హార్లన్‌ని ఒక్కో మాట అంది.

దోనె వాగులో పెట్టాక బంగారం ఒక్కటే తక్కువైంది. హార్లన్ రేడియో అందుకున్నాడు. మా లోయలో అన్ని విమానాలదీ ఒకటే రేడియో లైను. ఒకరు దగ్గితే అందరికీ వినబడుతుంది. పందొమ్మిదేళ్లుగా ఆ లైను మీద అందరి కబుర్లూ విన్న హార్లన్‌కి, తన కబురు కూడా అందరూ వింటారని మాత్రం ఎందుకో తట్టలేదు.

"వెర్నాన్, ఇది పరమ రహస్యం. చిటికెడు బంగారం పట్టుకురా. వాగులో చల్లాలి. ఎవరి చెవినా పడకూడదు."

పదకొండు మంది చెవిన పడింది. మా వాళ్లు మాట మీద నిలబడేవాళ్లు. రహస్యమన్నాడు గనక ఒకరితో ఒకరు దాని గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. పాపం, హార్లన్‌కి నేను తప్ప ఎవరున్నారని ఎవరికి వాళ్లే అనుకున్నారు.

మధ్యాహ్నం వెర్నాన్ వచ్చి బంగారు పొడిని తూటాలో కూరి, పాతకాలం వాళ్ల పద్ధతిలో కంకరలోకి తుపాకి పేల్చాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా దిగువ ఇసుక మేటల మీద విమానాలు దిగుతూనే ఉన్నాయి, లేస్తూనే ఉన్నాయి.

"ఇవాళ చేపలు బాగా పడుతున్నట్టున్నాయే," అన్నాడు హార్లన్.

గురువారం ఆర్డిత్ విమానంలో తనిఖీ అధికారి దిగింది. పేరు ఫీబీ కల్వర్. ముప్పై ఏళ్లుండవు. మాట మెత్తన, చూపు కాదు. నేరుగా వాగులోకి దిగి పళ్లెంతో కంకర ముంచి కడిగింది. అడుగున బంగారం ధగధగమంది. హార్లన్ మీసం మీద చెయ్యేశాడు. రెండో పళ్లెంలో ఇంకా ఎక్కువ పడింది. మూడో పళ్లెం చూసేసరికి అతనికే అనుమానం వచ్చింది.

ఫీబీ తెల్లగుడ్డ పరిచి, దొరికినదంతా వరసగా పేర్చింది.

"హార్లన్ గారూ, ఇలా రండి. ఈ రేణువు సీసపు గుండుకి అతుక్కుని ఉంది. మీ వాగు తుపాకి కాలుస్తుందా?"

"మూస్ దుప్పుల వేటగాళ్లు వస్తుంటారమ్మా..."

"ఇది ఆకురాయితో రాకిన పొడి. ఇది పెళ్లి ఉంగరంలో ముక్క. ఇది చెవిపోగు, కొక్కెం కూడా ఊడలేదు."

"మేం చాలా పాత వాగు ఒడ్డున ఉన్నామమ్మా," అని నీళ్లు నమిలాడు హార్లన్.

"మరి ఇది పన్ను."

వెనక నిలబడ్డ ఆర్డిత్ నోరు గట్టిగా మూసుకుని మబ్బుల్ని పరిశీలించడం మొదలుపెట్టింది.

హార్లన్ మొహం మాడిపోయింది. దోనె అంచున కూలబడి టోపీ తీసేశాడు. "నేను గని వాణ్ని కాదమ్మా. ఒక్క రేణువు కూడా తియ్యలేదెప్పుడూ. శనివారం నలుగురూ వచ్చి అట్లు తింటారు, అంతే. ఆ వెర్నాన్‌కి మరో చోటు లేదు. చల్లమన్నది నేనే. ఏం రాయాలో నా మీదే రాసుకో."

ఫీబీ కలం తీసి, మూత పెట్టి, మళ్లీ తీసింది. "రూల్స్‌లో అట్ల సంగతి లేదండీ. కానీ తనిఖీ అన్నాక ఒక్క పళ్లెమైనా నిజమైన మట్టి కడగాలి. మీవాళ్లు చెయ్యి పెట్టని మట్టి ఎక్కడైనా మిగిలిందా?"

"నా స్ట్రాబెర్రీల మట్టి ఉంది," అంది మేవిస్ మెట్ల మీంచి. "దాని జోలికొచ్చే ధైర్యం ఈ లోయలో ఎవరికీ లేదు."

ఫీబీ ఆ కుప్పలోంచి ఒక పళ్లెం కడిగింది. నల్ల ఇసుక చివర సన్నగా బంగారు గీత మిగిలింది.

"దీన్లో ఎవరు చల్లారు?" అని అరిచాడు హార్లన్.

"నా వైపు చూడకు, నాకింకా మేవిస్ చేతి అట్లు తినాలనుంది," అన్నాడు అప్పుడే దిగి వస్తున్న వెర్నాన్.

ఇంకో పళ్లెంలోనూ అదే గీత. ఆ తర్వాతి దాంట్లోనూ అదే. ఫీబీ గొంతు మారిపోయింది. "మేవిస్ గారూ, ఈ మట్టి ఎక్కడిది?"

మేవిస్ మరుగుదొడ్డి వైపు వేలు చూపించింది. చిన్న తలుపు, తలుపు మీద చెక్కిన నెలవంక. "ఆయన తవ్విన గొయ్యిలోది. మూడడుగులు చాలన్నాడు. ఆరడుగులు తవ్వేదాకా నేను ఊరుకోలేదు. అడుగున గులకరాళ్ల మట్టి తగిలితే మొక్కలకి బాగుంటుందని తీసి ఉంచాను."

ఫీబీ పారలు తెమ్మంది. మరుగుదొడ్డికి రెండు గజాల దూరంలో హార్లన్, వెర్నాన్ వంతులేసుకుని సాయంత్రం దాకా తవ్వారు. ఆరో అడుగున గులకరాళ్లు తగిలాయి. పళ్లెంలో ఈసారి గీత కాదు, గోధుమగింజంత బంగారం ముద్ద కదిలింది. వెర్నాన్ గోతిలోనే గంతులేశాడు. మోకాళ్ల సంగతి మరిచిపోయి హార్లన్ కూడా వేశాడు. మేవిస్ మాత్రం నడుం మీద చేతులేసుకుని గట్టు మీద నిలబడింది.

"మూడడుగులు చాలన్నావు," అంది మళ్లీ.

"అన్నాను. నా అంత వెధవ ఈ లోయలో లేడు. నువ్వు సాధించి ఉండకపోతే మన బతుకు స్ప్రూస్ మొక్కల పాలయ్యేది." పందొమ్మిదేళ్లలో హార్లన్ అంత మనస్ఫూర్తిగా ఒప్పుకున్నది లేదు. మేవిస్ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఫీబీ నివేదిక అక్కడే రాసింది. గని అసలైనదే. సామాను రాకపోకలకు రన్‌వే అత్యవసరం. వాగులో ఒక పన్ను దొరికింది, దానికీ గనికీ సంబంధం లేదు. చివర ఒకే షరతు పెట్టింది: గని నిజం గనక తవ్వకం తప్పదు, బంగారం పొర మీద అడ్డంగా ఉన్న కట్టడాన్ని వెంటనే తీసెయ్యాలి. మరుగుదొడ్డి తలుపు, గోడలు, కప్పు శుక్రవారానికల్లా పీకి కట్టెల కుప్పలో పడేశారు. కొత్తది ఎక్కడ కట్టుకోవాలో ఫీబీ వచ్చేవారం వచ్చి చూపిస్తుంది.

శనివారం పదకొండు విమానాలు రెక్కలు రాసుకునేంత దగ్గరగా రన్‌వే పక్కన బారులు తీరాయి. పన్నెండోది ఫీబీది, పని మీద కాదు, అట్ల మీద. ఆర్డిత్ పన్ను ఆర్డిత్‌కి చేరింది. వెర్నాన్ తన తుపాకి దెబ్బ కథ నాలుగుసార్లు చెప్పాడు, నాలుగుసార్లూ అందరూ నవ్వారు. హార్లన్ పార భుజాన వేసుకుని, వచ్చిన ప్రతివాళ్లకీ గని చూపించాడు, మరుగుదొడ్డి లేని ఖాళీ జాగాతో సహా. మేవిస్ తొంభై ఆరు అట్లు పోసింది. ఒక్కటి మిగల్లేదు.

కాఫీ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.